సగం చీటీ

ఫ్రెంచ్‌విల్, మెయిన్
సెప్టెంబరు 29, 1991, ఆదివారం

ప్రియమైన పిన్నీ,

జూన్ తర్వాత నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆగస్టులో నా పుట్టినరోజుకి కార్డు వచ్చింది కానీ అందులో అచ్చేసిన మాటలు తప్ప నీ రాత ఒక్క అక్షరం లేదు. అమ్మతో అంటే, "హార్ట్‌ఫర్డ్‌లో మనుషులకి ఊపిరి పీల్చుకోడానికే టైముండదే, కార్డు కొని పంపింది, చాలదా" అంది. నాకు చాలలేదు.

బళ్ళో బంగాళాదుంపలు తీసే సెలవులు ఇచ్చి వారమైంది. ఈ ఏడు కూడా నదో వాళ్ళ చేలోనే. నింపిన పీపాకి అంటించే చీటీ మీద అమ్మది పన్నెండో నంబరు, నాది పదిహేడు. పొద్దున ఆరింటికి మంచు పట్టిన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుంటే సాయంత్రానికి నడుము నాది కాదు. నిన్న నా బుట్టలు పీపాలో పోస్తూ పైపొలం దుంపలూ కింది పొలం దుంపలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే విత్తనం. కింది వాటికి గజ్జి తెగులు, పైవాటి తోలు శుభ్రంగా ఉంది. ఎందుకని నాన్నని అడిగితే "మట్టి దాని ఇష్టం" అన్నాడు. దాని ఇష్టం ఏమిటో తెలుసుకోవాలనే నేను మట్టి శాస్త్రం చదువుతానంటున్నది. అది చెబితే, "మట్టి కోసం అంత దూరం పోవాలటే, నీ గోళ్ళలో ఉంది కదా" అని ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

అసలు సంగతి ఇది. బళ్ళో కాలేజీ దరఖాస్తులు చూసే లెబెల్ గారు, తీరం దగ్గరున్న ఒక కాలేజీకి నన్ను రాయమంటున్నారు. చిన్న కాలేజీ, మంచిది, డబ్బులేని పిల్లలకి ఫీజు వాళ్ళే కడతారట. అక్కడ బొమ్మలు వేయడం చదవబోనివాళ్ళు కూడా కావాలంటే తమ బొమ్మలు పది, ఫొటో తీసి ఫిల్ము స్లైడ్‌లుగా చేయించి దరఖాస్తుతో పంపొచ్చట. బొమ్మల టీచరు హాల్వర్సన్ గారు పంపమంటారు. లెబెల్ గారు మాత్రం గడ్డం గోక్కుని, "చాలా బాగుంటేనే పంపు. ఓ మోస్తరుగా ఉంటే, మట్టి చదువుతానన్న పిల్ల మనసు ఎక్కడుందో అని వాళ్ళకి అనుమానం వస్తుంది" అన్నారు.

నా దగ్గర చాలా బాగున్నవి ఎన్ని ఉన్నాయి పిన్నీ? నాకు బొమ్మ వేయడం నేర్పింది నువ్వే. చీటీలంటించిన పీపాల వరస ఒకటి. గజ్జి పట్టిన దుంప కోసినప్పటిది ఒకటి. నాన్న టోపీ. ఇంకా అమ్మమ్మ చేతులు, ఒడిలో పెట్టుకున్నవి. పోయినేడు జూలైలో నువ్వొచ్చినప్పటిది. దాని సంగతి నీకు తెలుసు.

అది పంపనా? ఇంట్లో వీళ్ళనెవరిని అడిగినా పొయ్యిలో కట్టె సర్దుతూ "నీ ఇష్టం" అంటారు. ఈ మధ్య అందరూ అన్నీ నా ఇష్టానికే వదిలేస్తున్నారు.

నీ ఓడీల్


హార్ట్‌ఫర్డ్
అక్టోబరు 20

ఓడీల్,

టైపు కొట్టిన ఉత్తరం చూసి కంగారు పడకు. పాత సామాన్ల కొట్లో ఈ మిషను దొరికింది. దీనికి మన ఫ్రెంచి అక్షరాల మీది గీతలు, టోపీలు లేవు. తప్పులు రాశాననుకోకు. బళ్ళో మన మాట మాట్లాడినందుకు గోడవైపు తిరిగి నిలబడ్డదాన్ని, ఇప్పుడు మిషను కూడా నన్ను అలాగే నిలబెడుతోంది.

నేను బాగానే ఉన్నాను. ఫ్యాక్టరీలో ఆఫీసు పనికి మార్చారు. కాగితాలు సర్దడం. కూర్చునే పని.

బొమ్మలు పంపు. లెబెల్ చిన్నప్పుడు మా వెనక బెంచీలో కూర్చునేవాడు. అప్పుడూ అంతే, రెండు సార్లు ఆలోచించి ఊరుకునేవాడు. ఓ మోస్తరువి తీసెయ్. నాన్న టోపీ తీసెయ్, అది పిల్లి పడుకున్నట్టుంటుంది. దుంప ఉంచు. పీపాలు ఉంచు. చేతులు తప్పకుండా పంపు.

దాని సంగతి నాకు తెలుసన్నావు. ఏం సంగతి? కుడిచేయి నువ్వు వేశావు, బాగా వేశావు. ఎడమచేయి నీకు చేతితొడుగులా వచ్చింది. నువ్వు రొట్టె తీయడానికి లోపలికెళ్ళావు, నేను పదినిమిషాలు పెన్సిలు పట్టుకున్నాను. అంతే కదా. చేలో వెనకబడిన పిల్ల పీపాలో మనం రెండు బుట్టలు పోసి దాని చీటీయే పెడతాం. పెట్టి, పోశామని చెప్పం. అది నీ పీపా.

మీ అమ్మా నేనూ మాత్రం ఒక పీపా ఇద్దరం నింపితే చీటీలు రెండూ సగానికి చింపి, నా సగం, దాని సగం అంటించేవాళ్ళం. లెక్క రాసుకునే ముసలి నదో మా మీద కేకలేసేవాడు. "సగం మనిషిని ఏ గడిలో రాయను రా దేవుడా" అని. ఆయన కేకల కోసమే చింపేవాళ్ళం.

ఇక్కడ చెట్లు ఎర్రబడ్డాయి. చూసేవాళ్ళు కార్లలోంచి చూస్తారు.

పిన్ని


ఫ్రెంచ్‌విల్
నవంబరు 24, 1991

ప్రియమైన పిన్నీ,

స్లైడ్‌లు అయ్యాయి. హాల్వర్సన్ గారు వాళ్ళాయన కెమెరా తెచ్చారు. బడి వ్యాయామశాలలో ఉత్తరం వైపు కిటికీ దగ్గర నల్లగుడ్డ కట్టి, బొమ్మల్ని ఒక్కొక్కటీ దానిమీద గుండుసూదులతో గుచ్చాం. వెలుతురు ఉన్న గంటన్నరలోనే అయిపోవాలి. అవతల బాస్కెట్‌బాల్ ఆడుతున్న పిల్లల బంతి రెండుసార్లు వచ్చి తగిలింది. ఎలెన్ మిషో అని నా క్లాసుపిల్ల, మొదటినుంచీ నాతో పాటు బస్సెక్కిన పిల్ల, వచ్చి చూసి, "మీ అమ్మమ్మ చేతుల్ని కాలేజీకి పంపుతావా? నువ్వు వెళ్ళకుండా ఆవిడే వెళ్ళేట్టుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బస్సులో ఆమె వెనక సీటుకి వెళ్ళి కూర్చుంది. ఆమె పెళ్ళి జూన్‌లో. నేను వెళ్ళిపోతానని ఆమెకి ముందే తెలిసిపోయినట్టు మాట్లాడటం మానేసింది. వెళ్తానో లేదో నాకే తెలీదు.

స్లైడ్‌లు నా బొటనవేలంత ఉన్నాయి. ప్రతి దాని అట్ట అంచున పేరు, బొమ్మ పేరు, కొలత, ఏడాది రాయాలి. ఎడమవైపు కింద ఎర్రచుక్క పెట్టాలి, తలకిందులుగా చూడకుండా. సన్నటి పెన్నుతో పదిసార్లు రాశాను: ఓడీల్ సోసియే, ఓడీల్ సోసియే. తొమ్మిదోది చేతులు. దీపానికి ఎత్తి పట్టుకుంటే అమ్మమ్మ ఒళ్ళో వెలుగుతున్నట్టుంది. ఎడమచేతి ఉంగరం, వేలి కండలోకి దిగిపోయింది చూడు, దాని కింద ముడత. అది చూసినప్పుడల్లా మిగతా తొమ్మిదీ ఎవరో బాగా చదువుకునే పిల్ల వేసినట్టనిపిస్తాయి. అదొక్కటే బొమ్మ.

ఫారం చివర ఒక వాక్యముంది. "ఇందులోని పని అంతా నేను స్వయంగా చేసినది." కింద సంతకానికి గీత. నేను ఆ గీత మీద పెన్ను పెట్టి చాలాసేపు ఆగాను. నీ ఉత్తరం తీసి చదివాను. "అది నీ పీపా." సంతకం పెట్టాను.

అమ్మ ఫారమంతా తిరగేసి, తల్లిదండ్రుల చదువు అన్న గడి దగ్గర ఆగింది. ఎనిమిదో తరగతి అని రాయనా, ఏడూ సగం అని రాయనా అని నన్నడిగింది. ఎనిమిది అని రాయమన్నాను. "అబద్ధం కదే" అంది. ఏడు అని రాసింది.

క్రిస్మస్‌కి వస్తావు కదూ? ఆఫీసు పనివాళ్ళకి సెలవు ఉంటుంది కదా. అమ్మమ్మ ప్రతి ఆదివారం నీ కుర్చీ మీది బట్టలు తీసి మడతపెట్టి, సోమవారం మళ్ళీ అక్కడే పెడుతుంది.

నీ ఓడీల్


హార్ట్‌ఫర్డ్
డిసెంబరు 10

ఓడీల్,

క్రిస్మస్‌కి రాలేను. మిషన్ల దగ్గర రెండు షిఫ్టులు వేస్తున్నారు, సెలవు అడిగే మొహం లేదు. అమ్మమ్మకి చెప్పు, ఈస్టరుకి చూస్తానని. బస్సు పన్నెండు గంటలు, దారంతా మంచు, నా వయసుకి అది ప్రయాణం కాదు అని చెప్పు. నలభైనాలుగు ఒక వయసా అంటుంది. అననీ.

నా గది కింద బట్టలుతికే దుకాణం. నేల వెచ్చగా ఉంటుంది. ఇంటావిడ పోర్చుగీసు. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. ఇద్దరం ఇంగ్లీషులో వాతావరణం గురించి చెప్పుకుంటాం. ఆదివారం చర్చి నుంచి వచ్చి నీ ఉత్తరాలు మొదటినుంచీ చదువుతాను. చదవడానికి గంట పడుతుంది. అంత ఎక్కువ రాస్తావు కాబట్టే నాకు ఇష్టం.

సంతకం పెట్టడం మంచిదైంది. నాకు పదహారేళ్ళప్పుడు బళ్ళో చెప్పే సిస్టర్ ఒకావిడ నా బొమ్మలు మూడు తీసుకుని పోర్ట్‌లాండ్ పంపిస్తానంది. అక్కడ బొమ్మల బడి ఉండేది. ఇంటికొచ్చి మా నాన్నతో చెప్పాను. దుంపలు తీసే రోజులు. నాన్న కోప్పడలేదు, కొట్టలేదు. "పోర్ట్‌లాండ్‌లో నీకు ఎవరు తెలుసు?" అని అడిగాడు. ఎవరూ తెలీదన్నాను. ఆయన తలూపి తినడం మొదలుపెట్టాడు. మర్నాడు సిస్టర్ దగ్గర్నుంచి బొమ్మలు వెనక్కి తెచ్చేసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నీకు అక్కడ ఎవరు తెలుసు అని ఎవరైనా అడిగితే, అమ్మమ్మ చేతులు ముందే వెళ్ళాయని చెప్పు.

పిన్ని


ఫ్రెంచ్‌విల్
జనవరి 28, 1992

ప్రియమైన పిన్నీ,

దరఖాస్తు జనవరి మూడునే వెళ్ళింది. పోస్టాఫీసులో కవరు తూకం వేసిన ఆవిడ, "ఇందులో ఏముందమ్మా, వంగనంటోంది" అని అడిగితే అమ్మమ్మ చేతులు అనబోయి ఊరుకున్నాను.

నిన్న ఒక ఉత్తరం వచ్చింది. కాలేజీ ఆఫీసుది కాదు, అక్కడ బొమ్మలు చెప్పే ప్రొఫెసరుది, చేత్తో రాసింది. దరఖాస్తులతో వచ్చిన స్లైడ్‌లు ఆయన చూసి ఆఫీసుకి నాలుగు మాటలు రాసిస్తారట. పిల్లలకి విడిగా రాయడం అలవాటు లేదట, కానీ ఉండబట్టలేక రాస్తున్నానన్నారు. ఆ ఉత్తరంలో పీపాలు లేవు, దుంప లేదు. మొత్తం తొమ్మిదో స్లైడు గురించే. "కుడిచేయి శ్రద్ధగా చూసి వేసినది. ఎడమచేయి తెలిసి వేసినది. ఒకే పిల్ల ఒకే మధ్యాహ్నం ఈ రెండూ ఎలా వేయగలిగింది? ఉంగరం కింది ముడత ఒక్క గీతలో వచ్చిందా? మట్టి చదువుకో, తప్పకుండా చదువుకో, కానీ మా గదికి కూడా వస్తావని ఆశ."

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మన మాటలోకి మార్చి చెబుతూ, మధ్యలో ఒక వాక్యం వదిలేశాను. ఏ వాక్యమో నీకు తెలుసు. అమ్మ ఏప్రనుతో కళ్ళు ఒత్తుకుని వెళ్ళి నాన్నకి చెప్పింది. నాన్న కొట్టంలోంచి వచ్చి, బూట్లు విప్పకుండా వంటింట్లో నిలబడి, "ఇంకోసారి చదువు" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా చదవమనడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి. మళ్ళీ చదివాను. మళ్ళీ ఆ వాక్యం వదిలేశాను.

పిన్నీ, ఆయన పొగిడింది నన్ను కాదు. ఆయన రెండు చేతులు చూశారు. నాన్న గర్వంగా నిలబడ్డ ఆ నేలంతా బూట్ల మంచు కరిగి నీళ్ళు. అది తుడుస్తూ ఏడ్చాను. ఎవరికీ చెప్పడానికి లేదు. నీకు తప్ప.

నేనేం చేయను?

ఓడీల్


హార్ట్‌ఫర్డ్
ఫిబ్రవరి 4

ఓడీల్,

ఏమీ చేయకు.

ఆయనకి జవాబు రాయి. థాంక్స్ చెప్పు. ఒక్క గీతలోనే వచ్చిందని రాయి. అది నిజమే, ఒక్క గీతలోనే వచ్చింది.

ఏప్రిల్‌లో కాలేజీ జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండు. పద్దెనిమిదేళ్ళు కూడా నిండని పిల్లవి, మీ నాన్న బూట్లు విప్పకుండా నిలబడ్డాడంటున్నావు. దాన్ని పాడుచేయకు. నేను అడుగుతున్నాను. నీ దగ్గర నేను ఇంతవరకూ ఏదీ అడగలేదు.

పిన్ని


ఫ్రెంచ్‌విల్
ఫిబ్రవరి 17, 1992

పిన్నీ,

రెండు సంగతులు. మొదటిది నేను చేసింది. రెండోది నువ్వు చేసింది.

నీ ఉత్తరం వచ్చాక రెండు రాత్రులు నిద్రపోలేదు. పదో తారీఖున కాలేజీకి రాశాను. ప్రొఫెసరుకి ఒకటి, ఆఫీసుకి ఒకటి. "తొమ్మిదో స్లైడులో కుడిచేయి నేను వేశాను. ఎడమచేయి మా పిన్ని లూసియెన్ డేగల్ వేసింది. సంతకం పెట్టేటప్పుడు నాకు ఆ సంగతి తెలుసు." ఇంకేమీ రాయలేదు. మన్నించమని రాసి కొట్టేశాను, అడుక్కున్నట్టుందని. లెబెల్ గారికి చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నీకు సీటు దాదాపు చేతిలో ఉంది ఓడీల్" అన్నారు. అమ్మానాన్నలకి ఆ రాత్రే చెప్పాను, వదిలేసిన వాక్యంతో సహా. నాన్న, "నదో చేలో ఇంకొకరి పీపా మీద నీ చీటీ పెట్టావా ఎప్పుడైనా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రెండోది. మొన్న శనివారం మీ చిన్నాన్న కొడుకు జెరార్ హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్నకి ఎనభై నిండాయని విందు. భోజనాల దగ్గర మామూలుగా, అందరికీ తెలుసన్నట్టు, "లూసియెన్ ఆ చేత్తో ఎలా నెట్టుకొస్తోందో పాపం, బొటనవేలూ చూపుడువేలే మిగిలాయి కదా" అన్నాడు. అందరూ తలెత్తి తనవైపు చూసేసరికి, "మీకు తెలీదా?" అన్నాడు. అమ్మమ్మ దూరంగా కూర్చుంది, వినపడలేదు. అమ్మ లేచి వెళ్ళి గిన్నెలు కడిగింది. నేను వెళ్ళేసరికి ఒకే పళ్ళెం కడుగుతూ ఉంది.

జూలైలో అట. నా పుట్టినరోజు కార్డుకి ముందు. టైపు మిషను అందుకేనా? అక్టోబరులో ఆఫీసు పని అన్నావు, డిసెంబరులో మిషన్ల దగ్గర షిఫ్టులన్నావు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎన్నిసార్లు చదివానో అవి, ఒక్కసారి కూడా కలిపి చదవలేదు. ఉత్తరాల నిండా నా స్లైడ్‌లూ, నా దరఖాస్తూ, నా ఎలెన్ మిషో. ఎలా ఉన్నావని ఒక్కసారైనా నిజంగా అడిగానా?

ముందే తెలిసుంటే కాలేజీకి రాసేదాన్నా? తెలీదు. నీకు అబద్ధం రాయను. తెలీదు.

ఓడీల్


హార్ట్‌ఫర్డ్
మార్చి 1

ఓడీల్,

నేను అడిగాను. ఒక్కటే అడిగాను.

నీ పీపా మీద నా చీటీ పెట్టి, చేలో అందరి ముందూ నిలబడి చదివావు. ఎవరు చదవమన్నారు నిన్ను? నా పేరు ఆ కాలేజీవాళ్ళకి ఎందుకు? వాళ్ళకి నేనెవరు?

ఇది ఇక్కడ ఆపి మూడు రోజులైంది. కాగితం మిషనులోనే ఉంది.

చేయి సంగతి. జూలై పదకొండు, ప్రెస్సు మిషను, మధ్యాహ్నం భోజనానికి ముందు. కుడిచేతి మూడు వేళ్ళు. నొప్పి తర్వాత వచ్చింది, ముందు చప్పుడే. ఎవరి తప్పూ కాదు, నా ధ్యాస ఎక్కడో ఉంది. ఆఫీసు లేదు, షిఫ్టులు లేవు. నెలకింత ఇస్తున్నారు. ఎడమచేతి ఒక్క వేలితో ఈ అక్షరాలు వెతుక్కుని కొడుతున్నాను. నీకు ఒక పేజీ రాయడానికి పొద్దున్నంతా పడుతుంది. మీ అమ్మకి చెబితే బస్సెక్కి వచ్చేస్తుందనే చెప్పలేదు. వచ్చి నన్ను తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెడుతుంది. ఊళ్ళో అందరూ నా చేతిని చూసి, చూడనట్టు వాతావరణం గురించి మాట్లాడతారు. వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడ నాకు ఉన్నారు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. అమ్మ ఎడమచేయి నేను వేసిన ఆఖరి బొమ్మ. వేసేటప్పుడు తెలీదు. తెలిస్తే కాస్త మెల్లిగా వేసేదాన్ని. పదినిమిషాల్లో వేసి, పెన్సిలు నీ పుస్తకంలో పెట్టి లేచిపోయాను. నువ్వు కాలేజీకి పంపుతానన్నప్పుడు మూడు నెలల్లో మొదటిసారి తిండి రుచి తెలిసింది. పోర్ట్‌లాండ్‌కి పోనిది అక్కడికి పోతుందని. పేరు లేకపోతేనేం, పేరు ఎవరిక్కావాలి, అది అక్కడ ఒక గోడమీద వెలిగితే చాలు. పెద్ద చదువులు చదివిన మనిషి ఒకాయన చీకటి గదిలో కూర్చుని దాన్ని చూస్తాడు. చూశాడు. "తెలిసి వేసినది" అన్నాడు. నీ ఉత్తరంలో ఆ మాట చదివి కిందికెళ్ళి ఇంటావిడకి ఇంగ్లీషులో చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తెలియక వాతావరణం బాగుందన్నాను.

నోరు మూసుకోమన్నది నీ కోసమే అనుకున్నావా? నా కోసం. నువ్వు చెబితే వాళ్ళు ఆ స్లైడు తీసి అవతల పడేస్తారని.

ఉంగరం ఇంకా వేలికే ఉందా?

పిన్ని


ఫ్రెంచ్‌విల్
ఏప్రిల్ 5, 1992

ప్రియమైన పిన్నీ,

కాలేజీ జవాబు వచ్చింది. లేదన్నారు. ఒకటే కాగితం, పలచటి కవరు. చాలామంది యోగ్యులైన విద్యార్థులు దరఖాస్తు చేశారని, చింతిస్తున్నామని ఉంది. బొమ్మల వల్ల అని గానీ, నేను రాసిన ఉత్తరం వల్ల అని గానీ ఎక్కడా లేదు. ఎందువల్లో ఎప్పటికీ తెలీదు. నాన్న "ఇంకోసారి చదువు" అనలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా కింది నుంచి పై దాకా చూసి, జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి ట్రక్కు కింద దూరాడు. చీకటి పడేదాకా రాలేదు.

ఓరనో ఊళ్ళోని మన రాష్ట్ర విశ్వవిద్యాలయానికి కూడా రాశాను, వాళ్ళు రమ్మన్నారు. మట్టి శాస్త్రమే. దుంప రైతుల సంఘం కొంత ఇస్తుంది. వాళ్ళు బొమ్మలేవీ అడగలేదు. సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను. రోజూ బడినుంచి వచ్చి ఆ పలచటి కవరు మళ్ళీ చూస్తున్నాను, అంతే.

నీ మీద కోపం లేదు. నీకు నా మీద ఉంటే ఉండనీ. మళ్ళీ ఆ గీత మీద పెన్ను పెట్టే రోజు వస్తే నేను సంతకం పెట్టను. కానీ ఆ బొమ్మని మాత్రం ఇద్దరి పేర్లతో పంపుతాను.

ఇప్పుడు నీకు తెలియాల్సింది. స్లైడ్‌లు వెనక్కి వచ్చాయి. ప్రొఫెసరు విడిగా పంపారు. చీటీ ముక్క లేదు, ఒక్క మాట లేదు. కానీ తొమ్మిదో స్లైడు అట్ట మీద, నా పేరు పక్కన, పెన్సిలుతో, ఆయన చేతిరాతతో, "లూసియెన్ డేగల్" అని ఉంది. అవతల పడేయలేదు పిన్నీ. స్పెల్లింగు తప్పు రాశారు. నేను దిద్దలేదు.

అమ్మమ్మకి బొమ్మ చూపించాను, కాగితం మీదిది. ఇంతకాలం ఆమెకి సరిగ్గా చూపించనే లేదు, వేసేటప్పుడు కదలకు కదలకు అనడమే. చాలాసేపు చూసి, "కుడిది నువ్వు. ఎడమది లూసియెన్" అంది. ఎలా తెలుసంటే, "అది నడక నేర్చింది ఈ చేయి పట్టుకునే. ఈ వేళ్ళు దానికి తెలిసినట్టు నీకెలా తెలుస్తాయే" అంది. ఉంగరం వేలికే ఉంది. చేయి సంగతి ఆమెకి ఎవరం చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి. అమ్మ రోజూ బస్సు వేళలు చూస్తోంది, నేను వద్దంటున్నాను. వద్దనడం ఎన్నాళ్ళు కుదురుతుందో తెలీదు.

అమ్మమ్మ గుండీల డబ్బాలో పాత చీటీలు దొరికాయి. నలభైయొకటో నంబరు, నీది. పక్కన నా పదిహేడు పెట్టి రెండూ సగానికి చింపాను. ఒక్కో సగం నా దగ్గరున్న చేతుల బొమ్మకి కింద అంటించాను. మిగిలిన రెండు సగాలూ ఇందులో పెడుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం. చూశావా, నేను కూడా ఆ మాట అనేశాను.

ఎలా ఉన్నావు పిన్నీ? అడుగుతున్నాను.

ఓడీల్


హార్ట్‌ఫర్డ్
మే 24

ఓడీల్,

ఇది చేత్తో రాస్తున్నాను, ఎడమచేత్తో. అక్షరాలు తాగి నడుస్తున్నట్టున్నాయి. గీతలూ టోపీలూ అన్నీ పెట్టాను, చూడు.

ఎలా ఉన్నానని అడిగావు. బాగాలేను. మీ అమ్మని రానివ్వు.

కాలేజీ పోయిందని చదివి రెండు రోజులు నిన్నూ నన్నూ తిట్టుకున్నాను. మూడో రోజు పెన్సిలు కొన్నాను. దీంతో పాటు ఉన్న కాగితం జాగ్రత్తగా విప్పు, నలుగుతుంది. అది నా కుడిచేయి, బల్లమీద పెట్టుకుని వేశాను. నలభై రోజులు పట్టింది. ఇంటావిడ మొన్న చూసి, ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. వాతావరణం మాట రాలేదు.

లేని మూడు వేళ్ళ చోటూ బాగానే వచ్చింది. చూపుడువేలు వచ్చింది. బొటనవేలు రావడం లేదు. ఎన్నిసార్లు వేసినా చేతితొడుగే. అన్నీ చెరిపేసి ఆ చోటు తెల్లగా వదిలాను.

కింద మూలన నలభైయొకటి సగం అంటించాను. పదిహేడు సగం విడిగా కవర్లోనే పెట్టాను. ఇప్పుడే అంటించకు. బొటనవేలు నువ్వు వేశాక అంటించు. వేయాలంటే చేయి ఎదురుగా ఉండాలి కదా, మీ అమ్మతో పాటు బస్సెక్కు.

పిన్ని